గంగాళం మీద పేర్లు

బిట్రగుంట,
26-3-1961

అక్కా,

శుభలేఖ అందింది. అంచున పూసిన పసుపు వేలికంటితే కాసేపు తుడుచుకోబుద్ధి కాలేదు. నీ ఆడబిడ్డ పెంచలమ్మకు పెళ్లా! నీ పెళ్లినాడు జీళ్లు కొనిపెట్టమని నా చొక్కా చినిగేదాకా లాగిన పిల్ల! సంతోషం.

సంతోషం అయిపోయింది. ఇక కోపం రాస్తాను.

షెడ్డులో నాతోపాటు ఇంజన్లు తుడిచే జయకుమార్‌కు పోయిన నెలలో ఇక్కడి చర్చిలో పెళ్లయింది. వాడికి రైల్వేవాళ్లు ఇచ్చింది ఒక గది, ఒక వంటిల్లు. వచ్చిన కానుకలు విను. నిమ్మరసం గ్లాసుల సెట్లు తొమ్మిది. గాజుపెట్టెలో పెట్టిన తాజ్‌మహల్ బొమ్మలు నాలుగు. మద్రాసు నుంచి దిగిన ప్లాస్టిక్ పూలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. వాటి చుట్టూ రంగు కాగితం, ఆ కాగితం చుట్టూ రిబ్బను, లోపల అట్టపెట్టె, పెట్టెలో రంపపు పొట్టు. గదిలో కానుకలు పడుకున్నాయి, కొత్త దంపతులు వరండాలో పడుకున్నారు! మర్నాడు వాడి భార్య నవోమి ఆ కాగితాల కుప్ప తగలబెడితే ఒక పూలగుత్తి కూడా మంటలో పడింది. ఆ కంపుకు షెడ్డులోంచి ఫోర్‌మన్ గారు ఏ ఇంజను కాలిపోతా ఉందోనని పరిగెత్తుకొచ్చినాడు.

ఇదంతా ప్రేమా అక్కా? ఇది దుబారా. ఇచ్చేవాడు తన గొప్ప చూపించుకుంటాడు, పుచ్చుకున్నవాడు ఆ గొప్పకు జీవితాంతం దుమ్ము తుడుస్తా బతకాల! నేను వాడికి ఏమిచ్చినానో తెలుసా? పడగొట్టిన ఇంటి టేకు తలుపుచెక్క ఒకటి తెచ్చి, నా చేత్తో చిత్రిక పట్టి, ఒక పీట చేసి ఇచ్చినాను. కాగితం చుట్టలేదు. చంకన పెట్టుకుని పోయినాను. అందరూ నవ్వినారు. పోయిన ఆదివారం నవోమి పిలిచి, "అన్నా, ఈ ఇంట్లో నేను రోజూ వాడేది నీ పీట ఒక్కటే" అనింది. నవ్వినవాళ్లు అక్కడే ఉన్నారు!

దీనిమీద ఒక కరపత్రం రాస్తా ఉండాను. ఇప్పటికి ఏడు పేజీలు అయింది.

కనుక ముందే చెప్తున్నా. పెంచలమ్మ పెళ్లికి నేను గడియారం తేను, గ్లాసులు తేను, అద్దం పటం తేను. ఆ పిల్లకు పోయే ఇంట్లో నిజంగా ఏది లేదో కనుక్కుని నాకు రాయి. అదే తెస్తాను.

ఆవేశంలో ఉన్నా అభిమానం తగ్గని
తమ్ముడు విజయభాస్కర్


కోట,
2-4-1961

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావ చేత చదివించుకోకుండా నేనే చదువుకున్నాను, అది నయమైంది. పెళ్లిపిలుపుకు జవాబుగా ఎవరన్నా కంపు గురించి రాస్తారారా?

ఇక్కడ అందరం క్షేమం. మీ బావ చెంచయ్య పందిరికి సరుగుడు గుంజలు తోలించినాడు. పెద్దదానికి తట్టు పోసి తగ్గింది. మా అత్త వెంకటశేషమ్మ సంగతి నీకు తెలిసిందే. పెళ్లి తనదే అన్నట్టు తెల్లవారుజాము నుంచి ఇల్లు ఎగరగొడతా ఉండాది.

ఇప్పుడు నేను చెప్పేది నిదానంగా చదువు. మనకు అమ్మా లేదు, నాయనా లేడు. నాకు పుట్టిల్లంటే నువ్వొక్కడివే. చదివింపులప్పుడు మా ఊరిపెద్ద చెంచురామయ్య గారు పందిట్లో నిలబడి, "పెద్దకోడలి పుట్టింటివాళ్లు" అని గొంతెత్తి పిలుస్తాడు. ఆ పిలుపు తర్వాత ఊరికి ఏం వినబడతాదో, ఇంకో ఇరవై ఏళ్లు ఈ ఇంట్లో నేను అదే.

మూడేళ్ల కింద మా కొత్తిల్లు పాలు పొంగించిననాడు నువ్వేం తెచ్చినావు? దారంతో కట్టిన నాలుగు కరపత్రాలు. చెంచురామయ్య గారు వాటి పేర్లు చదవలేక దగ్గినాడు. ఆ రోజు నుంచి నా తోడికోడలు సుశీలమ్మ నన్ను చాటున 'కాగితాల కోడలు' అంటాది. చాటునేంది, ఇప్పుడు ఎదురుగానే అంటాది. పనిమనిషి కూడా అనేసి నాలిక కరుచుకుంటాది. సుశీలమ్మ అన్నకు నెల్లూరులో ఫ్యాన్సీ కొట్టు ఉండాది కదా, ఈ పెళ్లికి గంటలు కొట్టే గోడగడియారం తెస్తా ఉండాడంట.

నువ్వూ ఒక గడియారం తే నాయనా. చిన్నదైనా పర్వాలేదు. పిలిచినప్పుడు నలుగురికీ వినబడితే చాలు.

పెంచలమ్మకు నిజంగా ఏం లేదో కనుక్కోమన్నావు. కనుక్కున్నా. ఆ ఇంట్లో పదకొండుమంది. స్నానాలకు నీళ్లు కాగేది ఒక్క మట్టికుండలో. మగవాళ్ల స్నానాలయ్యేసరికి ఆడవాళ్లకు పొద్దెక్కుతాదంట. కానీ అది నీకెందుకు? నువ్వు గడియారం తే.

నీ మీద కోపం పెట్టుకోలేని
అక్క మస్తానమ్మ


బిట్రగుంట,
7-4-1961

అక్కా,

పదకొండుమందికి ఒక్క కుండ! వాళ్లింటికి గంటలు కొట్టే గడియారం! ఆడవాళ్లకు ఎంత పొద్దెక్కిందో గంట కొట్టి చెప్పేదానికా?

'కాగితాల కోడలు' అన్నమాట నాకు ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదు? ఆ మాట చదివి అన్నం సగంలో లేచినాను. సుశీలమ్మకు ఒక ఉత్తరం రాసినాను. భయపడవద్దు, పోస్టు చెయ్యలేదు. జయకుమార్ లాక్కుని చించేసినాడు. నిన్ను మాట పడనీయను. కానీ దుబారాకు తల వంచి నీ తల ఎత్తించను. రెండూ కుదిరే దారి ఒకటి దొరికింది.

మన అమ్మ గంగాళం గుర్తుందా? వెంకటాచలంలో రంగనాయకులు చిన్నాయన ఇంటి అటకమీద పన్నెండేళ్లుగా బోర్లా పడి ఉండాది. దాంట్లో కూచోబెట్టి అమ్మ నాకు తలంటు పోసేది. అంత రాగి ఈ రోజుల్లో ఎవడు పోస్తాడు? అడుగు చిల్లిపడిందని పక్కన పెట్టినారంతే. చిల్లి పూడ్చలేనిదా? అటకమీద ఉంటే అది చీకటికి కానుక. పెంచలమ్మ పొయ్యిమీద ఉంటే పదకొండుమందికి వేణ్ణీళ్లు.

ఎల్లుండి నాకు రెస్టు. వెంకటాచలం పోతున్నా.

పట్టినపట్టు వదలని
విజయభాస్కర్


కోట,
15-4-1961

ఒరే భాస్కరా,

పెళ్లికి పాత సామాను ఇస్తే సంబంధమే పాతబడిందంటారని నీకు రాద్దామని కూచున్నాను. ఇంతలో చిన్నాయన కార్డు వచ్చింది. 'మీ తమ్ముడు గంగాళం దించి నెల్లూరు ఇత్తడి బజారుకు తీసుకుపోయినాడు. చిట్టెడు చింతపండు కూడా అడిగి పట్టుకుపోయినాడు. ఎందుకంటే చెప్పడు' అని రాసినాడు.

నాకు అర్థమయింది. గడియారం గడియారం అని నేనే నీ ప్రాణం తీసినాను. నువ్వు అమ్మ గంగాళం అమ్మేసినావు.

రాగి అమ్మేముందు చింతపండు పెట్టి తోముతారని నాకు తెలియదా? వంటింట్లో కూచుని ఏడిస్తే మా అత్త చూసి, "ఉల్లిపాయలు తరక్కుండానే ఎందుకా కన్నీళ్లు?" అనింది. అమ్మ చెయ్యి తగిలిన సామాను మనకు మిగిలింది అదొక్కటేరా. ఆ గడియారం గంట కొట్టిన ప్రతిసారీ నేను ఎక్కడ దాక్కునేది?

వెనక్కి తెచ్చేదానికి వీలుంటే తీసుకురా. లేకుంటే నాకు జవాబు కూడా రాయొద్దు.

అక్క


బిట్రగుంట,
22-4-1961

అక్కా!

రాయొద్దన్నావు, రాస్తున్నాను. నేను అమ్మలేదు! అమ్మ గంగాళం అమ్ముకుని గడియారం కొనేవాడిలా కనబడినానా నీకు? నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగోరోజు నీ 'ఉల్లిపాయలు' గుర్తొచ్చి నవ్వొచ్చింది, కాబట్టి నిన్ను క్షమించినాను.

జరిగింది ఇది. ఇత్తడి బజారు చివర హజరత్తయ్య అని ఒక కంచరి ఉండాడు. అరవై ఏళ్లుంటాయి. గంగాళాన్ని వేళ్ల కణుపులతో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, "నాయనా, దీనికి రోగం అడుగున ఒక్కచోటే ఉండాది. ఒళ్లంతా రాయి" అన్నాడు. చిల్లికి రాగిరేకు మాటు వేసినాడు. పోసిన నీళ్లు చుక్క కారలేదు. అంచు సొట్టలు తీసినాడు. చింతపండు చిన్నాయన ఇంటిదే. తోమినవాడిని నేను, చేతులు ఇంకా పులుపు వాసన కొడతా ఉన్నాయి. పన్నెండేళ్ల మసి వదిలేసరికి అక్కా, అది గంగాళం కాదు, పొద్దుటిపూట మైపాడు సముద్రం మీద లేచే సూర్యుడు!

మసి కింద ఒక పేరు బయటపడింది. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: 'ఆదెమ్మ, వాకాడు, ప్రమోదూత'. ఆ ఏడాది అమ్మ పెళ్లికి చదివించిన మహాతల్లి ఎవరో. హజరత్తయ్య ఆకురాయి తీసి, "పాతపేరు గీకేసి మీ పేరు కొట్టేదా? అందరూ అట్నే చేయించుకుంటారు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్ల కింద మన అమ్మకు మేలు కోరి ఇచ్చిన మనిషిని గీకెయ్యడమేంది? "ఆ పేరు జోలికి పోవద్దు. దాని కింద నాది కొట్టు" అన్నాను. కొట్టినాడు: 'మస్తానమ్మ తమ్ముడు విజయభాస్కర్, ప్లవ'.

ఇప్పుడొక చెడ్డమాట. ఎండాకాలం స్పెషలు బండ్లు ఎక్కువై నాకు లీవు దొరకలేదు. మే నాలుగున నేను పెళ్లికి రాలేను. జయకుమార్‌కు దొరికింది. వాడు గంగాళం తీసుకుని రెండురోజులు ముందే వస్తాడు. పందిరి పనుల్లో సాయం కూడా చేస్తాడు, వాడికి ముడులు బాగా వచ్చు.

ఎవడన్నా నవ్వితే ఎవడు నవ్వినాడో రాయి.

నీ పుట్టిల్లు
విజయభాస్కర్


కోట,
27-4-1961

తమ్ముడూ, ఇది అందగానే చేతిలో పని వదిలేసి చదువు.

గంగాళం పంపొద్దు.

నేను నిన్ను అన్యాయంగా అన్నాను, నా చెంపలు నేనే వేసుకున్నాను. అది తర్వాత మాట్లాడుకుందాం. ఆ ఆదెమ్మ ఎవరో నీకు తెలియదు, నువ్వు చిన్నోడివి. మా అత్త పుట్టిల్లు వాకాడు. ఆమెను కన్నతల్లి పేరు ఆదెమ్మ. మన అమ్మది కూడా వాకాడే, వాళ్ల ఎదురిల్లే. ఆ గంగాళం మా అత్త తల్లి ఇచ్చింది.

నీ కరపత్రాల్లో ఇది ఉండదు, నేను చెప్తా విను. ఈ ప్రాంతంలో పేరు కొట్టించి ఇచ్చిన సామాను ఇచ్చినవాళ్ల ఇంటికే తిరిగొచ్చిందంటే ఒకటే అర్థం. మీకూ మాకూ ఇక ఏమీ లేదని. పోయినేడు మా పక్కింటి బావాబావమరుదులు పొలం గట్టు దగ్గర తగవు పడి, ఏం చేసినారనుకున్నావు? మర్నాడు బండినిండా చెంబులు, తపేలాలు తెచ్చి గడపలో దించిపోయినారు. మాటా పలుకూ లేదు. ఆ ఇంటి పెద్దామె అన్నం తినకుండా మంచం పట్టింది.

ఇప్పుడు మా అత్త ఇంటి పందిట్లో, ఆమె కన్నతల్లి పేరున్న సామాను, నీ పేరు కూడా కొట్టించి, నువ్వు రాకుండా ఇంకొకరితో పంపిస్తే ఏమంటారో ఆలోచించు. సుశీలమ్మ ఇక నన్ను కాగితాల కోడలు అనదురా. నన్నసలు కోడలనే అనరు.

ఏమీ ఇవ్వకపోయినా సరే. చేతులూపుకుంటా జయకుమార్‌ను రమ్మను. గంగాళం మాత్రం వద్దు.

పోస్టుకు మనిషిని పరిగెత్తిస్తున్న
అక్క


బిట్రగుంట,
1-5-1961
(కార్డు)

అక్కా,

నీ ఉత్తరం ఈ పొద్దున పది గంటలకు అందింది. జయకుమార్ ఆరు గంటల బండికే పోయినాడు. టేషనుకు పరిగెత్తినాను. పట్టాలు తప్ప ఏమీ లేవు.

ఆచారం మీద రెండు పేజీలు తిట్టి రాసి చించేసినాను. ఈ గడియలో అది నీకు గుక్కెడు నీళ్ల పాటి కూడా పనికిరాదు. ఎవరి కంటా పడకుండా దాన్ని దాచు. మాట వస్తే నామీద తోసెయ్. తమ్ముడు మూర్ఖుడని చెప్పు. నేను పడతాను.

భాస్కర్


కోట,
8-5-1961

తమ్ముడూ,

నీ కార్డు నిన్న అందింది, పెళ్లయిపోయిన మూడోనాడు. నువ్వు చెప్పకముందే నేను దాచినాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎగిరి గంతెయ్యకుండా కూచుని చదువు.

జయకుమార్ ఎట్టా వచ్చినాడంటావు? గూడూరులో రైలు దిగి, బస్సెక్కి, కోటలో దిగి, ఆ ఎండకు గంగాళం నెత్తిన బోర్లించుకుని నడిచొచ్చినాడు. భుజాలదాకా రాగి, కింద కాళ్లు. పిల్లలు వెనకబడి కేకలు. అంత గోలలోనూ దేవుడు దయ తలిచినాడు, మా అత్త ఆ గడియలో వియ్యాలవారి విడిది చూసేదానికి పోయి ఉండాది. నేను గభాల్న లాక్కుని, పశువుల కొట్టంలో వరిగడ్డి కింద పూడ్చేసినాను. "ఇక్కడ భద్రంగా ఉంటాది నాయనా, ఎవరితోనూ అనొద్దు" అంటే, వాడు పెద్ద రహస్యం తెలిసినట్టు కన్ను గీటినాడు. పెళ్లినాడు అందరూ బిత్తరపోయేటట్టు చూపిస్తావనుకున్నాడంట!

పెళ్లి బాగా జరిగింది. చదివింపులు మొదలైనాయి. సుశీలమ్మ అన్న తెచ్చిన గడియారాన్ని కీ ఇచ్చి పందిట్లో పెట్టినారు. మిట్టమధ్యాహ్నం నాలుగు కొట్టింది. దాన్ని ఆపేదానికి ముగ్గురు లేచినారు. తర్వాత చెంచురామయ్య గారు గొంతు సవరించుకున్నాడు.

"పెద్దకోడలు మస్తానమ్మ పుట్టింటివాళ్లు!"

నేను స్తంభం చాటున తల వంచుకున్నాను. ఇంకోసారి పిలిచినాడు. సుశీలమ్మ, "కాగితాలేమన్నా వచ్చినాయేమో మూటలో చూడండి పెదనాయనా" అనింది. పందిరంతా నవ్వు. మీ బావ మొగం ఎర్రగా అయింది.

అప్పుడు లేచినాడయ్యా నీ జయకుమార్! "రాకేమండీ! నా నెత్తిన మోసుకొచ్చినా గదా!" అని. "కూచో నాయనా, కూచో" అని నేను సైగ చేస్తే, ఎత్తుకొచ్చేదానికి నేను సిగ్గుపడతా ఉండానని అనుకుని కొట్టంలోకి ఒకటే పరుగు. గంగాళాన్ని పొట్టకు హత్తుకుని తెచ్చి పందిరి నడుమ దించినాడు. చుట్టూ వరిగడ్డి వేలాడతా ఉండాది. దించినప్పుడు ఖంగుమని మోగింది చూడు, ఆ గడియారం గంట దానిముందు చీమ దగ్గినట్టు.

చెంచురామయ్య గారు కళ్లద్దాలు పెట్టుకుని వంగి చదివినాడు. "ఆదెమ్మ... వాకాడు..." అక్కడ ఆగినాడు. తలెత్తి మా అత్తవైపు చూసినాడు.

మా అత్త కూచున్నచోటు నుంచి లేచింది. "ఏ పేరు చదివినావు అన్నా?"

"ఆదెమ్మ అని ఉండాదమ్మా. మీ అమ్మ పేరు. దానికింద మస్తానమ్మ తమ్ముడు విజయభాస్కర్ అని."

ఆమె వచ్చి గంగాళం ముందు చతికిలబడింది. గడ్డిపోచలు ఒక్కటొక్కటే తీసేసింది. వేలితో ఆ చుక్కలమీద తడుముకుంటా, "ఇది ఆ-నా? ఇదేంది, దె-నా?" అని అడిగింది. చెంచురామయ్య గారు ఆమె వేలు పట్టుకుని ఒక్కొక్క అక్షరం మీద పెట్టి చెప్పినాడు. మా అత్త అనింది, "నాకు చదువు రాదు. మా అమ్మ పేరు ఎట్టా ఉంటాదో ఈనాటికి చూసినా."

తర్వాత తెలిసింది భాస్కరా. యుద్ధం రోజుల్లో ఆమె అన్నదమ్ములు ఇంట్లో సామానంతా తూకానికి వేసేసినారంట. ఆదెమ్మ పేరున్నది ఒక్క చెంబు కూడా మిగల్లేదు. ఆమెకు ఫోటో కూడా లేదు.

నేను పోయి అత్త కాళ్ల దగ్గర కూచున్నాను. "వాడికి తెలియదు అత్తా. ఎవరిచ్చిందో తెలియక పంపినాడు. తెలిసినాక నేనే దాచినాను" అన్నాను. సుశీలమ్మ ఊరుకుందా? "తెలిసినా తెలియకపోయినా, ఇచ్చింది ఇచ్చినోళ్ల గడపకే తిరిగొచ్చింది గదా" అనింది. నిజమే కదా అన్నట్టు నలుగురు తలలూపినారు.

మా అత్త లేచి నిలబడింది. ఆమె గొంతు నీకు తెలుసు, చేను అవతలికి వినబడతాది. "కళ్లు పెట్టుకుని చూడవే! ఇది నా గడపకు వచ్చిందా? నా బిడ్డ గడపకు పోతా ఉండాది. మా అమ్మ చేతి సొత్తు మా అమ్మ మనవరాలి ఇంటికి పోతా ఉండాది. వెనక్కి తిరగలేదు, ముందుకు నడుస్తా ఉండాది! నా కడుపున పుట్టినోళ్లకు, నా తోడబుట్టినోళ్లకు లేని జ్ఞానం ఆ పిల్లోడికి ఉండాది. వాడు మా అమ్మ పేరు గీకెయ్యలేదు!"

చెంచురామయ్య గారిని మళ్లీ చదవమనింది. గట్టిగా చదవమనింది. ఆయన మూడుసార్లు చదివినాడు. మూడోసారి జయకుమార్ కూడా ఆయనతో కలిసి అరిచినాడు.

పెంచలమ్మ అత్తగారు నిదానంగా వచ్చి, కణుపుతో గంగాళాన్ని మీటి, కోడలి చెవిలో ఏదో అనింది. పెంచలమ్మ పీటలమీదే పకపకా నవ్వింది. ఏమనిందో అడిగితే, "రేపటినుంచి ముందు ఆడవాళ్లే స్నానాలు" అనిందంట!

గడియారం ఇంకా మాయింట్లోనే ఉండాది, రిపేరుకు పంపాల. గంగాళం బండిలో అందరికన్నా ముందు ఎక్కింది. 'కాగితాల కోడలు' అన్నమాట ఆ పొద్దుటినుంచి ఈ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. నిన్న సుశీలమ్మ నా దగ్గరకొచ్చి, "అక్కా, మా అవ్వ పేరున్న బిందె ఒకటి మా పుట్టింట్లో ఉండాల. ఆ కంచరి పేరేంది?" అని అడిగింది. చెప్పినాను. అడిగిందంటే అడిగిందే, పాపం ఆమెదీ పెద్దమనసే.

ఇప్పుడు గంతెయ్, పో.

ఈ పొద్దు తలెత్తుకుని రాస్తున్న
నీ అక్క మస్తానమ్మ


బిట్రగుంట,
13-5-1961

అక్కా!

గంతేసినాను! నీ ఉత్తరం షెడ్డులో బొగ్గుబండి ఎక్కి అందరికీ చదివి వినిపించినాను. 'వెనక్కి తిరగలేదు, ముందుకు నడుస్తా ఉండాది' అన్నచోట ఫిట్టర్లు చప్పట్లు కొట్టినారు. ఫోర్‌మన్ గారు దిగమని కేకేసి, నేను దిగినాక, మళ్లీ మొదటినుంచి చదవమన్నాడు. జయకుమార్ అయితే ఆ అక్షరాలు తానే కొట్టినట్టు తిరగతా ఉండాడు.

నీకొక మాట ఒప్పుకోవాల. కరపత్రం మొదటి పేజీలో 'పాత ఆచారాలన్నిటినీ తగలబెట్టండి' అని రాసినాను. ఈ పొద్దు ఆ వాక్యం కొట్టేసినాను. వెంకటశేషమ్మ అత్త ఆచారాన్ని తగలబెట్టలేదు. దాని మెడ పట్టుకుని మొగం ఇటు తిప్పింది. నేను ఏడు పేజీల్లో చెయ్యలేనిది ఆమె ఒక్క కేకతో చేసింది. ఇప్పుడు కరపత్రం ఒక్క పేజీయే. అందులో ఉన్నది గంగాళం కథే. నా పేరు వేసుకోలేదు, ఆదెమ్మ పేరు వేసినాను.

నా స్నేహితులందరికీ ఇక కానుకలు ఇట్టాగే. ఫిట్టర్ ఓబులేసు కొడుకు బడికి పోతాడంటే, నా పాత పలకకు కొత్త చట్రం వేసి ఇచ్చినాను. నవోమికి నెలలు నిండుతున్నాయి. మా కాలనీ ఆడవాళ్లు మెత్తబడిన పాతచీరలతో బొంత కుడుతున్నారు, ఒక్కో ఇంటిది ఒక్కో ముక్క. ఆ గ్లాసుల సెట్లు తొమ్మిదీ రీడింగు రూముకు తెచ్చి పెట్టినాము, వచ్చినవాళ్లకు మజ్జిగ పోస్తున్నాం. వాటికీ ఒక బతుకు దొరికింది!

ఒకటి అడగమన్నానని అత్తను అడుగు. హజరత్తయ్య అంటాడు, ఆ గంగాళం అంచున ఇంకో ఎనిమిది పేర్లకు చోటుందని. తల్లి పేరుంది, నా పేరుంది. నడుమ ఆమె పేరు లేకపోతే ఎట్టా? సరేనంటే పెంచలమ్మ ఊరికి హజరత్తయ్యను నేనే తీసుకుపోతాను.

గెలిచినవాళ్లలో ఒకడు
నీ తమ్ముడు విజయభాస్కర్


కోట,
2-7-1961

తమ్ముడూ,

జవాబు ఆలస్యమైంది. నాట్లకు నారు పోసేదానిలో పడ్డాము. పైగా మొన్న ఊళ్లో పెళ్లి.

ఆ పెళ్లి చూడాల్సింది నువ్వు. పద్మనాభయ్య గారి మనవరాలిది. పందిట్లో గ్లాసులు లేవు, కాగితాలు లేవు. ఎవరి అటకమీద ఏముందో అన్నీ కిందికి దిగినాయి. చింతపండుతో తోమి, మాట్లు వేయించి, పాతపేరు కింద కొత్తపేరు కొట్టించి తెచ్చినారు. చెంచురామయ్య గారు చదవలేక మధ్యలో రెండుసార్లు మజ్జిగ తాగినాడు. ఒక బిందెమీద అయిదు పేర్లు. ఇరవై, ముప్పై ఏళ్ల కింద పోయినవాళ్లంతా ఒక్కొక్కరే పందిట్లోకి పిలుపందుకుని వచ్చినట్టుండాది. ఒక పేరు చదవగానే పద్మనాభయ్య గారు కర్ర ఊతంతో లేచి నిలబడి, "మా పెద్దక్క" అన్నాడు. ఆయన కూచునేదాకా ఎవరూ కూచోలేదు.

నీ ప్రశ్న అత్తను అడిగినాను. ఆమె పొయ్యి దగ్గర కూచుని చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు రాయమనింది. రాస్తున్నా:

"ఆ పిల్లోడికి చెప్పు. పేరు కొట్టించుకునేది ఇచ్చినోళ్లు. నేనింకా ఇవ్వలేదు. పెంచలమ్మకు కూతురు పుట్టాల, అది పెరగాల, దాని పెళ్లికి ఆ గంగాళం నా చేత్తో నేను ఇవ్వాల. అప్పుడు కొట్టిస్తా నా పేరు. అందాకా చచ్చేదానికి నాకు తీరిక లేదు. ఆ కంచరిని కూడా ఒళ్లు జాగ్రత్తగా చూసుకోమను."

అంతే రాయమనింది. సాయంత్రం దీపం పెట్టినాక మా పెద్దదాన్ని పిలిచి, పలక తెమ్మని, 'వెం' ఎట్టా రాయాలో చూపించమంటా ఉండాది.

నువ్వొచ్చేసరికి పేరంతా నేర్చుకునేటట్టుండాది, త్వరగా రా.

మీ అక్క
మస్తానమ్మ